ఆదికిచ్చిన పావడా

కొత్తపట్నం బస్టాండులో దిగి చర్చి వైపు నడిస్తే ఎడమ పక్కన మూడో ఇల్లు తోమాది. వెనక రెండు గదులు, ముందు వసారా. వసారాలో కుట్టు మిషను. సముద్రం మీది ఉప్పుగాలికి మిషను కాళ్ళు తుప్పు పట్టాయిగానీ సూది మాత్రం ఇంకా సూటిగానే దిగేది. తోమా పని అలాంటిది. కుట్టడం అయిపోయాక, బట్ట మడత పెట్టి ఇచ్చేముందు, అంచు చుట్టూ రెండు వేళ్ళు పోనిచ్చి తడిమి చూసుకునేవాడు. ఒకసారి కాదు, రెండుసార్లు, మూడుసార్లు. కుర్రవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

"తోమా మామా, నీ పేరుగలాయన ప్రభువు గాయంలో వేలు పెట్టిందాకా నమ్మలేదంట గదా. నువ్వు గుడ్డల్లో పెడతన్నావేంది?"

తోమా నవ్వి ఊరుకునేవాడు. ఆ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. అరవై ఏడులో వచ్చింది. ఎందుకొచ్చిందో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. ఆవిడ ఆ సంగతి తెలియకుండానే కాలం చేసింది.

ఎనభై ఆరులో, మే నెల ఎండలు మండిపోతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్ళు ఆయన వసారా ఎక్కారు. ముందు కోటిరత్నం టీచరు. హైస్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతుంది, సెలవుల్లో కూడా మెడలో ఈల తియ్యదు. వెనక సంతోషకుమారి, ఊళ్ళో అందరికీ సంతోషం, పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ వెనక పిల్ల నాయనమ్మ వీరమ్మ. పిల్ల తల్లీ తండ్రీ గుంటూరు మిరపకాయల యార్డులో పని చేసుకుంటున్నారు. ఇక్కడ పెంచేది వీరమ్మే.

వీరమ్మను చూడగానే తోమా పాదం మిషను తొక్కడం మానేసింది. ఎప్పుడూ అంతే.

టీచరు బ్యాగులోంచి ఒక కాగితం తీసి విప్పింది. ఏదో పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ. ఎక్కడి అమ్మాయో నీళ్ళ ఒడ్డున నిలబడి ఉంది. పైన బనీను లాంటిది, నడుము నుంచి తొడల మధ్యదాకా పొట్టి కుచ్చిళ్ళు.

"ఇది లంగా కాదు, నిక్కరూ కాదు. ఏంది టీచరమ్మా?" అన్నాడు తోమా.

"ఈత కొట్టేటప్పుడు వేసుకునే స్కర్టండి. లోపల నిక్కరు కలిపి కుడతారు. ఈ నెలాఖరుకి గుంటూరులో పోటీలు. మన పిల్లని తీసుకున్నారు. ఒంగోల్లో కొట్లన్నీ తిరిగా. ఈత బట్టలంటే నా మొహం చూసి నవ్వుతున్నారు."

వీరమ్మ బొమ్మను దూరంగా పట్టుకుని చూసింది. "ఈ పిల్లకి గుడ్డ చాల్లేదు పాపం."

"నాయనమ్మా," అంది సంతోషం, పళ్ళ సందున.

"నువ్వు నోరు ముయ్యి. తోమన్నా, నా మాట విను. మోకాళ్ళు దాటి ఉండాలి. గొంతుదాకా నీళ్ళున్నా పావడా పావడాలాగే ఉండాలి, పైకి లేవగూడదు. మా సువార్తకి బాప్తిస్మానికి కుట్టావే, అట్టా. అంచులో సీసం పెట్టి. అట్టాంటిది అయితేనే పిల్ల గుంటూరు పోయిద్ది. లేకపోతే లేదు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ చర్చిలో బాప్తిస్మం అంటే తల మీద నీళ్ళు చల్లడం కాదు. ఈస్టరు ముందు బకింగ్‌హామ్ కాలువలో నిలువునా ముంచి లేపుతారు. ఆడపిల్లలు తెల్ల పావడాలు కట్టుకుని నడుముదాకా దిగితే, గాలి చేరి పావడా పైకి తేలేది. ఒడ్డున ఊరంతా ఉండేది. అందుకని తోమా ఒక ఉపాయం కనిపెట్టాడు. విసురు వలకు కట్టే సీసం గుళ్ళు చేపలు పట్టే పట్టపువాళ్ళ దగ్గర తెచ్చి, అంచు మడతలో వరసగా పెట్టి కుట్టేవాడు. పావడా నిటారుగా దిగేది. పండగ అయిపోయాక ఆడవాళ్ళు పావడాలు వెనక్కి తెచ్చిచ్చేవాళ్ళు. కుట్టు విప్పి, సీసం తీసి, మళ్ళీ అంచు కుట్టి ఇస్తే పిల్లలు మామూలుగా కట్టుకునేవాళ్ళు. సీసం మరుసటేటికి డబ్బాలో దాచేవాడు.

ఇదంతా అప్పటికి పందొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆ తర్వాత తోమా ఒక్క పావడాకీ సీసం పెట్టలేదు.

"ఆ పద్ధతి మానేశా వీరమ్మా," అన్నాడు నేల చూస్తూ.

"నువ్వు మానేశావు. ఏమైంది? మొన్న ఈస్టరుకి మరియదాసు కోడలి పావడా గొడుగులాగా లేచింది. పాస్టరుగారు ప్రార్థన అయ్యిందాకా కళ్ళే తెరవలా."

టీచరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సంతోషం మాత్రం నవ్వలేదు. మిషను బల్ల మీదికి వంగింది.

"తాతా, సీసం పెడితే నేను ఈదేదెట్టా? తేలిగ్గా ఉండాలి. నీలం రంగు. కింద తెల్లటి పట్టీ. తిరిగితే ఇట్టా విచ్చుకోవాలి."

"పాప్లిన్ అయితే నీళ్ళు తాగిద్ది," అన్నాడు తోమా మెల్లగా. బట్ట మాట వస్తే ఆయన గొంతు కుదురుకునేది. "తడిసి కాళ్ళకి చుట్టుకుంటది. నైలెక్సు ఒంటికి అతుక్కుంటది, మీ నాయనమ్మ ఒప్పుకోదు. టెరికాటు బిగుసుకుంటది. తడవని గుడ్డ కావాలి. తడిసినా నీళ్ళు ఒంట్లో పెట్టుకోని గుడ్డ."

"మోకాళ్ళ పైకి నాలుగు వేళ్ళు," అంది టీచరు.

"కిందకి నాలుగు వేళ్ళు," అంది వీరమ్మ.

"మోకాలి మీద పెడతాలే," అన్నాడు తోమా.

వీరమ్మ లేచింది. "కొలతలకి ఆది ఉంది అన్నా. సువార్త పావడానే. పెట్టెలో అట్టాగే ఉంది, ఇన్నేళ్ళు తియ్యలా. ఈ పిల్ల అచ్చం దాని ఒళ్ళే. రేపు దీనిచేత పంపిత్తా."

ఆది అంటే కొత్త బట్ట కొలతకిచ్చే పాత బట్ట. ఎంతమంది ఎన్ని ఆదులు ఇచ్చారో తోమాకు లెక్కే లేదు. ఈ ఒక్క మాటకు మాత్రం ఆయన వేళ్ళు చల్లబడిపోయాయి.

సువార్త వీరమ్మ ఒక్కగానొక్క కూతురు. పదిహేనేళ్ళది. సన్నగా ఉండేది, పావడా మరీ తేలుతుందని ఆ పిల్లకు రెండు వరసల సీసం పెట్టాడు తోమా. బాప్తిస్మం బాగా జరిగింది. వారం తర్వాత వీరమ్మ పరుగున వచ్చింది. మిరపకోతలకు గుంటూరు వైపు పోయే లారీ బస్టాండులో ఆగి ఉంది. పావడా ఇచ్చెయ్యమంది. తోమా పై వరస విప్పాడు, రెండో వరస ఇంకా విప్పలేదు. లారీ హారను కొట్టింది.

"సీసం తీసేశావా అన్నా?"

"తీసేశా," అన్నాడు తోమా.

అంత చిన్న మాట. కోతల నుంచి వచ్చాక తీద్దాంలే అనుకున్నాడు.

పదిహేను రోజులకు తిరిగొచ్చారు. మిరపకాయల ఘాటుకు ఒళ్ళంతా మంటలెత్తి, సువార్త కారం పట్టిన బట్టలు విప్పేసి, పెట్టెలోని తెల్ల పావడా కట్టుకుని కాలువకు పరిగెత్తింది. దూకింది. కాలువను ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు చేపలాగా ఈదే పిల్ల. మళ్ళీ పైకి రాలేదు.

ఒడ్డుకు తెచ్చాక నడుము దగ్గర బొందు పీటముడి పడి ఉంది. ఆ పిల్ల గోళ్ళు విరిగి ఉన్నాయి. ముడి రాక, కత్తెర తెమ్మని తోమాకు కబురు పెట్టారు. తోమా కత్తెర పట్టుకెళ్ళాడు. పావడా అంచు చూశాడు. ఈత వచ్చిన పిల్ల ఎట్లా మునిగిందని అందరూ అడుగుతున్నారు. కాలువ పట్టుకుందని కొందరు, కాలు పట్టి ఎవరో లాగారని కొందరు. తోమా కత్తెర ఇచ్చి ఇంటికొచ్చాడు. ఆ పావడాను, తడి బరువే అనుకుని, వీరమ్మ అలాగే పెట్టెలో దాచేసింది.

అప్పటినుంచి ఎండాకాలం వస్తే ఆ వసారాలో తెల్లబట్ట కుట్టినప్పుడల్లా అంచు తడిగా తగిలేది. వేళ్ళు నోట్లో పెట్టుకుంటే ఉప్పగా ఉండేది. చెమటలే అనుకునేవాడు. మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా తిరగని వేళ, గడప మీద తడి పాదాల గుర్తులు కనిపించేవి. కాళ్ళు కడుక్కుని ఎవరో వచ్చారేమో అనుకునేవాడు. వెనక్కి పోయిన గుర్తులు మాత్రం ఉండేవి కావు. సీసం డబ్బా ఒకరోజు తీసుకెళ్ళి సముద్రంలో పారేశాడు. అయినా మిషను తొక్కుతుంటే దాని అడుగున గుళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు వచ్చేది.

మర్నాడు సంతోషం పావడా తెచ్చింది. పాత తువ్వాల్లో చుట్టి, పుస్తకాల సంచిలో పెట్టుకుని. బల్ల మీద పెట్టగానే అంచు చెక్కకు తగిలి 'టక్' మంది.

"తాతా, ఇది బరువుగా ఉందేంది?"

తోమా పిల్ల ముఖంలోకి చూశాడు. నుదురు, కనుబొమలు, తల ఒక పక్కకు వంచి అడగడం, అన్నీ సువార్తవే. చెప్పడానికి అది మంచి సమయం. వసారాలో ఇద్దరే ఉన్నారు. నాలుగు మాటలు చాలు.

"పాత గుడ్డ. ఉప్పు పట్టింది," అన్నాడు.

"బొందు తెగి ఉంటే కొత్తది ఎక్కించా. కట్టుకుని చూశా. నాకే కుట్టినట్టుంది."

పిల్ల వెళ్ళిపోయింది. తోమా చిన్న కత్తెర తీశాడు. అంచు విప్పేస్తే అయిపోతుంది, ఎవరికీ తెలియదు. మొదటి కుట్టు కింద కత్తెర మొన పెట్టాడు. బట్ట తడిసి ఉంది. పందొమ్మిదేళ్ళు పెట్టెలో ఉన్న బట్ట, ఆ ఎండలో, తడిసి ఉంది. చూస్తుండగా అంచు నుంచి ఒక చుక్క బల్ల మీద పడింది. ఇంకొకటి పడింది. తోమా పావడాను వసారా గోడ మేకుకు తగిలించి, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

తెల్లవారగానే మొదటి బస్సుకు ఒంగోలు వెళ్ళాడు. బట్ట కోసమని తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి ఆ మేకు ఉన్న గోడ ఎదురుగా కూర్చోలేకపోయాడు. బజారులో కొట్టు తర్వాత కొట్టు తిరిగాడు. గుడ్డను నీళ్ళ గ్లాసులో ముంచి, పిండి, చూసి, తల ఊపి వెళ్ళిపోతుంటే కొట్టువాళ్ళు తిట్టుకున్నారు. చివరికి గొడుగులు బాగుచేసే అతని ముందు ఆగాడు. విరిగిన ఊచల పక్కన ఆడవాళ్ళ గొడుగు గుడ్డలు మూడు పడి ఉన్నాయి. నీలం రంగువి. తోమా చేతిలోకి తీసుకుని నీళ్ళు పోశాడు. నీళ్ళు ముత్యాల్లాగా జారి కింద పడ్డాయి. గుడ్డకు బరువే లేదు, లోపలిది బయటికి కనపడదు. నడుముకు బొందు వద్దు, ఎలాస్టిక్ వెయ్యాలి. రెండు పక్కలా చీలిక ఇస్తే కాళ్ళు ఆడతాయి. చీలిక కింద లోపలి నిక్కరు మోకాలిదాకా ఉంటుంది, వీరమ్మకు అడ్డు చెప్పడానికి ఏమీ ఉండదు. కింద తెల్ల పట్టీ. చాలా ఏళ్ళ తర్వాత తోమాకు ఒక బట్ట కుట్టాలని మనసు పుట్టింది.

ఇంటికెళ్ళగానే ఆ సీసం తీసేస్తానని బస్సులో నిశ్చయించుకున్నాడు.

ఒంగోలు బస్సు ఊళ్ళోకి రాకముందే కాలువ వంతెన దాటాలి. సాయంత్రం నాలుగవుతోంది. కిటికీలోంచి తోమా కాలువ వైపు చూశాడు. చూడకూడదనుకుంటూనే, ప్రతిసారీ చూసేవాడు.

గట్టు మీద సువార్త నిలబడి ఉంది.

తెల్ల పావడా. సన్నటి నడుము. తల ఒక పక్కకు వంచి నీళ్ళను చూస్తోంది. కళ్ళు మూసి తెరిచాడు. అక్కడే ఉంది. పక్కన కోటిరత్నం టీచరు మెడలో ఈల ఎండకు మెరిసింది. గట్టున వీరమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది, పిల్ల నీళ్ళలో దిగినప్పుడల్లా కూర్చునే చోటునే. అప్పుడు అర్థమైంది తోమాకు. అది సంతోషం.

"ఆపండయ్యా బస్సు," అన్నాడు. బస్సు చప్పుడులో ఎవరికీ వినపడలేదు. లేచి ముందువాడి భుజం పట్టుకుని ఊపాడు. "ఆపు. ఆపమను."

వంతెన దిగాక బస్సు ఆగింది. చంకలో గొడుగు గుడ్డలతో గట్టు వెంట పరిగెత్తాడు. అరవై దగ్గరపడిన మనిషి, చెప్పు ఒకటి ఊడిపోయింది. ఆయన అరిచేలోపే ఈల మోగింది. పిల్ల దూకింది.

సగం దాకా బాగానే ఈదింది. తర్వాత తల ఒకసారి మునిగి లేచింది. మళ్ళీ మునిగింది.

"పావడా విప్పెయ్," అని అరిచాడు తోమా. "సంతోషం, పావడా విప్పెయ్ తల్లీ. సీసముంది దాన్లో. సీసం తియ్యలేదు నేను."

కాలువ మీద గొంతు దూరం పోతుంది. అవతలి ఒడ్డున వల ఆరేసుకుంటున్నవాళ్ళు కూడా విన్నారు. ఇద్దరు దూకారు. నీళ్ళు కదిలి, సద్దుమణిగాయి. వీరమ్మ లేచి నిలబడింది.

ఎంతసేపో తెలియదు. తోమాకు పందొమ్మిదేళ్ళంత అనిపించింది. ఉన్నట్టుండి అవతలి ఒడ్డు దగ్గర పిల్ల తల లేచింది. తుంగ పట్టుకుని, దగ్గుతూ, నిక్కరూ చొక్కాతో పైకి పాకింది. పావడా లేదు.

ఇవతలికి తెచ్చి కూర్చోబెట్టారు. టీచరు ఏడుస్తూ తల తుడుస్తోంది.

"నాదే తప్పు. స్కర్టులో అలవాటు అవుతుందని, ఆది వసారాలోనే ఉంది తెచ్చుకోమన్నా. ఒకసారి ఈది చూడమన్నా."

సంతోషం తోమా వైపు చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"బొందు పీటముడి పడింది తాతా. నా గోళ్ళకి రాలా. ఇంకో చెయ్యి వచ్చింది."

"దూకారు గదమ్మా వీళ్ళు," అన్నారెవరో.

దూకిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు పిల్లను అందుకోనే లేదు.

"చిన్న చెయ్యి," అంది సంతోషం. "చల్లగా ఉంది. గోళ్ళు గరుగ్గా ఉన్నయ్. అదే విప్పింది."

వీరమ్మ వచ్చి తోమా ఎదురుగా నిలబడింది.

"ఏం సీసం?"

తోమా చెప్పాడు. లారీ హారను కొట్టడం చెప్పాడు. రెండో వరస చెప్పాడు. తీసేశానన్న మాట చెప్పాడు. కత్తెర తెచ్చిన రోజు అంచు చూసి కూడా నోరు తెరవలేదని చెప్పాడు. నిన్న పిల్ల అడిగితే ఉప్పు పట్టిందన్నానని చెప్పాడు. అన్నేళ్ళు లోపల అనుకుంటూనే ఉన్న మాటలు అవి.

వీరమ్మ కొట్టలేదు. తిట్టలేదు. కాలువ వైపు తిరిగింది.

"నేను దాన్ని తిట్టుకున్నానయ్యా," అంది. "పిల్లని. ఈత ఈత అని చచ్చిందని. తల్లి మీద ప్రేమ లేక పోయిందని. ఇన్నేళ్ళు పండక్కి సమాధికి సున్నం కొడతా కూడా దాన్నే తిట్టా."

సంతోషాన్ని లేవదీసి, కొంగు కప్పి, ఇంటికి నడిపించుకుపోయింది.

ఆ పావడా కోసం పట్టపువాళ్ళు వలేసి చూశారు. దొరకలేదు.

రెండు రోజులు తోమా మిషను ముట్టలేదు. ఇక వీరమ్మ తన గడప తొక్కదనుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే వచ్చింది. వసారాలో మిషనుకు ఎదురుగా గోనెపట్టా వేసుకుని కూర్చుంది. పిల్లను పక్కన నిలబెట్టింది.

"కుట్టు," అంది. "నేను చూత్తా."

ఆది లేదు. తోమా టేపు తీసి పిల్లను కొలిచాడు. నీలం గుడ్డలను ముక్కలు చేసి అతికాడు. కత్తిరించాడు. ఎలాస్టిక్ వేశాడు. చీలికలు పెట్టాడు. వీరమ్మ కళ్ళు సూది మీదే ఉన్నాయి. మంచినీళ్ళకు కూడా లేవలేదు. మధ్యాహ్నం ఎండ గడప మీదికి వచ్చింది. తోమా భయపడుతూ అటు చూశాడు. గడప పొడిగా ఉంది.

తెల్ల పట్టీ కుట్టడం అయ్యాక, అలవాటు ప్రకారం అంచు తడమబోయాడు. వీరమ్మ చెయ్యి చాచింది. స్కర్టు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, అంగుళం అంగుళం నొక్కుకుంటూ, చుట్టూ తిప్పింది. మొదలు పెట్టిన చోటికి వచ్చాక మళ్ళీ తిప్పింది. అప్పుడు పిల్లకు ఇచ్చింది.

సంతోషం కట్టుకుని ఒకసారి గిర్రున తిరిగింది. నీలం గుడ్డ గొడుగులా విచ్చుకుని, మోకాలి మీదికి దిగింది.

"బాగుంది తాతా," అంది. వీరమ్మ గోనెపట్టా మడిచి చంకలో పెట్టుకుంది.

గుంటూరులో పిల్ల మూడోదిగా వచ్చిందని తర్వాత టీచరు చెప్పింది. అక్కడి ఆడపిల్లలు ఆ స్కర్టు ఎక్కడ కొన్నావని అడిగారట.

వీరమ్మ ఆ రోజు తర్వాత తోమాతో ఒక్క మాట మాట్లాడలేదు. చర్చిలో కూడా ఆయన కూర్చున్న వైపు చూసేది కాదు. కానీ పిల్ల బట్టలు వేరే కొట్టుకు ఇవ్వలేదు. ప్రతిసారీ తనే తెచ్చేది, ఎదురుగా గోనెపట్టా వేసుకుని కూర్చునేది. కుట్టడం కాగానే చెయ్యి చాచేది. తోమా బట్ట ఆమె చేతిలో పెట్టి, ఆమె వేళ్ళు అంచు చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చేదాకా తల వంచుకుని కూర్చునేవాడు.